తెలుగు చెక్కిన రాతిస్తంభం ఉన్న ఊరిలో తెలుగు పిల్లల ప్రశ్నలకు జవాబు కరువు: చెన్నై శాస్త్రవేత్తలకు, విజ్ఞాన ప్రదర్శనశాలల నిర్వాహకులకు బహిరంగ లేఖ

చెన్నై నగరంలోని భూ, సముద్ర, అంతరిక్ష విజ్ఞాన సంస్థల శాస్త్రవేత్తలకు, విజ్ఞాన ప్రదర్శనశాలల నిర్వాహకులకు

మాన్యులారా,

నేను బి.ఎస్సీ. భౌతికశాస్త్రం మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని. మా తాతగారి కాలంలో నెల్లూరు జిల్లా నుంచి వచ్చి పెరంబూరులో స్థిరపడిన కుటుంబం మాది. పదో తరగతి వరకు ఈ నగరంలోనే తెలుగు మాధ్యమంలో చదివాను. రెండేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం వ్యాసర్పాడిలోని ఒక చిన్న హాలులో ఇరవై, ఇరవై ఐదు మంది తెలుగు పిల్లలను కూర్చోబెట్టుకుని, భూమి గురించీ ఆకాశం గురించీ కొత్తగా తెలిసిన సంగతులు చెబుతున్నాను. మీ పరిశోధనల మీద నాకున్న గౌరవం గురించి వేరే చెప్పనక్కరలేదు. అది లేకపోతే ఆ ఆదివారాలూ ఉండవు, ఈ లేఖా ఉండదు.

నేరుగా విషయానికి వస్తాను. 2025 ఆగస్టులో నగరంలోని ఒక విజ్ఞాన ప్రదర్శనశాలకు ఉత్తరం రాశాను. నెలకు ఒక్కసారి అరగంట సేపు తెలుగులో వ్యాఖ్యానం ఏర్పాటు చేయాలని, పెద్ద ఆవిష్కరణ ఏదైనా వెలువడినప్పుడు దాన్ని వివరించే ఒక పేజీ కరపత్రం తెలుగులో ఇవ్వాలని, అనువాదం పని మేమే చేసుకుంటాము కనుక తప్పొప్పులు చూసిపెడితే చాలునని అందులో కోరాను. జవాబు రాలేదు. అక్టోబరులో మళ్లీ రాశాను. డిసెంబరులో రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టు సంతకం చేసిన కార్డు ఒక్కటీ తిరిగి వచ్చింది. చివరికి నేనే వెళ్లి గంటన్నర కూర్చుంటే, అక్కడి అధికారి ఒకరు ఎంతో మర్యాదగా, "ఇక్కడికి వచ్చే పిల్లలందరికీ తమిళమో ఇంగ్లీషో వచ్చు కదమ్మా" అని చెప్పి పంపించారు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ మాట ఆ ఒక్కరిదే అయితే ఇంతమందిని ఉద్దేశించి రాయవలసిన పనీ లేదు.

ఆ అధికారి అన్నదాంట్లో సగం నిజమే. మా పిల్లలందరికీ తమిళం వచ్చు, వీధిలో ఆడుకునేదీ పోట్లాడుకునేదీ తమిళంలోనే. అయితే వీధి భాష వేరు, పాఠం భాష వేరు. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లకు గురుత్వాకర్షణ, కక్ష్య, భూపటలం అన్న మాటలు తెలుగు పుస్తకంలోంచే వచ్చాయి, ఆ మాటల మీద నిలబడే ఆమె కొత్త సంగతిని అందుకోగలదు. తమిళానికి ఇస్తున్నదాంట్లో ఒక్క అక్షరం తగ్గించమని మేము అడగడం లేదు. 2011 జనగణన ప్రకారం తమిళనాడు జనాభాలో దాదాపు 5.87 శాతం మంది మాతృభాష తెలుగు. వారి పిల్లలకు నెలకు అరగంట అడుగుతున్నాము.

సొంత భాషలో చెబితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్పనివ్వండి. 2023 సెప్టెంబరు 16న ప్రపంచమంతటా భూకంపాలను నమోదు చేసే కేంద్రాల్లో ఒక వింత కంపనం నమోదు కావడం మొదలైంది. మామూలు భూకంపానికి యంత్రం గీసే గీత గజిబిజిగా ఉండి కాసేపటికి సద్దుమణుగుతుంది. ఇది మాత్రం దాదాపు 92 సెకన్లకు ఒకసారి చొప్పున, ఊయల ఊగినంత నిలకడగా, తొమ్మిది రోజులు సాగింది. కారణం కనుక్కోవడానికి 15 దేశాల శాస్త్రవేత్తలకు ఏడాది పట్టింది. తూర్పు గ్రీన్‌లాండ్‌లోని డిక్సన్ ఫియోర్డ్ అనే ఇరుకైన సముద్రపు పాయ ఒడ్డున, అడుగున ఆసరాగా ఉన్న హిమానీనదం కరిగి పలచబడటంతో ఒక కొండ కొమ్ము విరిగి, సుమారు రెండున్నర కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ నీటిలో పడ్డాయి. 200 మీటర్ల ఎత్తున అల లేచింది. తరవాత ఆ నీరు బయటికి పోయే దారి లేక రెండు గట్ల మధ్య అటూ ఇటూ ఊగుతూ భూగోళాన్నంతా సన్నగా కదిలించింది. ఇది చెబుతుండగా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "లారీ నీళ్లు పట్టుకుని బిందె నడుం మీద పెట్టుకుంటే లోపల నీళ్లు ఊగుతూనే ఉంటాయి, అట్లాగేనా అక్కా?" అని అడిగింది. చెన్నై వేసవిలో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలతో లారీ వెంట పరుగెత్తే పిల్ల ఆమె. నేను కళాశాలలో ఆంగ్ల వ్యాసంలో రెండుసార్లు చదివి అర్థం చేసుకున్న విషయం ఆమెకు ఒక్క బిందెతో అర్థమైంది. ఆ వెంటనే ఆమె అడిగిన రెండో ప్రశ్న, "బిందెలో ఊగుడు కాసేపట్లో ఆగుతుందే, అక్కడ తొమ్మిది రోజులు ఎందుకు ఆగలేదు?" అన్నది. పాయ ఆకారం వల్ల శక్తి బయటికి పోలేదని నాకు తెలిసినంతలో చెప్పాను. సరిగ్గా చెప్పానో లేదో మీలో ఒకరు చెప్పాలి. ఉత్తరం రాసింది ఇందుకే.

ఈ మౌనం వల్ల సామాన్యులకు జరుగుతున్నది ఏమిటో, నా కళ్లతో చూసినంతవరకు, కింద వరుసగా రాస్తున్నాను.

1. నిజం ఆలస్యంగా వస్తే ఆ రోజు కూలి డబ్బు పోతుంది. 2025 జూలై 30న, మన కాలమానం ప్రకారం తెల్లవారుజామున, రష్యా తూర్పు కొసన కమ్‌చత్కా తీరంలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. పసిఫిక్ తీరాలకు సునామీ హెచ్చరికలు వెళ్లాయి. భారత తీరానికి ముప్పు లేదని హైదరాబాదులోని సునామీ హెచ్చరిక కేంద్రం ప్రకటించింది కూడా. కాని ఆ ప్రకటన కంటే ముందు మా పేటలోని ఫోన్లకు చేరినవి ఎక్కడివో తెలియని అలల వీడియోలు, వాటికింద తెలుగులో "మధ్యాహ్నానికి మద్రాసు" అన్న మాటలు. మా తరగతికి వచ్చే ఒక పిల్లవాడి తండ్రి కాశిమేడు రేవులో పడవ మీద పనిచేస్తాడు. ఆ రోజు వేటకు పోలేదు. 2004 డిసెంబరు 26 చూసినవాడు, ఆయన భయాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ సాయంత్రమే శ్రీహరికోట నుంచి నైసార్ ఉపగ్రహం బయలుదేరింది. భూమి ఉపరితలం సెంటీమీటర్ల మేర కదిలినా రాడార్‌తో పట్టుకోగల, 12 రోజులకొకసారి ప్రతి చోటునూ తిరిగి కొలిచే ఉపగ్రహం అది. భూకంపాల తరవాత నేల ఎంత జరిగిందో, భూగర్భజలం తోడేస్తే ఊరు ఎంత కుంగిందో చెప్పగల సాధనం. ఒకే రోజు పొద్దున భయం, సాయంత్రం దానికి తగిన పాఠం దొరికాయి. భయం తెలుగులో వచ్చింది, పాఠం రాలేదు.

2. సగం తెలిసిన శాస్త్రం అసలు తెలియనిదానికంటే ఎక్కువగా బెదరగొడుతోంది. 2024 జూన్‌లో భూమి అంతర కేంద్రం గురించి ఒక పరిశోధన వెలువడింది. దక్షిణ శాండ్విచ్ దీవుల దగ్గర 1991 నుంచి 2023 వరకు ఒకేచోట మళ్లీ మళ్లీ వచ్చిన 121 భూకంపాల తరంగాలను పోల్చి చూసి, మన కాళ్ల కింద 5,000 కిలోమీటర్లకు పైగా లోతున ఉన్న ఘన గోళం, పైనున్న ప్రావారం అనే మందపాటి రాతిపొరతో పోలిస్తే 2010 ప్రాంతం నుంచి తిరగడంలో నెమ్మదించిందని తేల్చారు. ఎంతో సొగసైన పని ఇది. మా పిల్లల దగ్గరికి వచ్చేసరికి అది, "అక్కా, భూమి వెనక్కి తిరుగుతోందటగా, ఇక సూర్యుడు పడమట పొడుస్తాడా?" అయింది. ఒక పిల్ల రెండు రాత్రులు నిద్రపోలేదని వాళ్లమ్మ వచ్చి నన్నే కోప్పడింది. 2025 జూలై 1న కనిపించిన 3ఐ/అట్లాస్ విషయమూ ఇంతే. 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్ తరవాత మన సౌరకుటుంబం బయటినుంచి వచ్చినట్టు గుర్తించిన మూడో అతిథి అది, స్వభావానికి తోకచుక్క. డిసెంబరు 19న భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా దాదాపు 27 కోట్ల కిలోమీటర్ల దూరంలో, అంటే సూర్యుడి కంటే దూరంగానే ఉంది. అయినా ఆ నెలంతా మా వీధుల్లో అది గ్రహాంతరవాసుల ఓడగానే తిరిగింది. ఈ ఒక్క అంకెను తెలుగులో, సమయానికి, ఒక సంస్థ ముద్రతో ఇచ్చి ఉంటే చాలా ఇళ్లలో ఆ మాట అక్కడితో ఆగేది. ఒక కళాశాల విద్యార్థిని చెబితే ఎవరు వింటారు?

3. సొంత నేల మీద పిల్లలు పరాయివాళ్లవుతున్నారు. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, గోదావరి లోయలో ఇలాంటివి కొత్త కాదని, 1969లో భద్రాచలం దగ్గర ఇంతకంటే పెద్దదే వచ్చిందని చెప్పే ఒక్క కాగితం మా పిల్లల చేతికి అందలేదు. అంత దూరం ఎందుకు, పల్లావరం రైలుస్టేషను దాటే ప్రతిసారీ వాళ్లు చూసే గుట్టల రాయికి ప్రపంచ భూవిజ్ఞానంలో చార్నొకైట్ అని పేరుంది. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీద ఉన్న రాయి ఈ జాతిదేనని చూసి, 1893లో భూవిజ్ఞాని థామస్ హాలండ్ ఆ పేరు పెట్టాడు. పరంగిమలై దగ్గరి ఆ రాయి జాతీయ భూవైజ్ఞానిక స్మారకం కూడా. తిరుమల ఘాట్ రోడ్డు మీద, పాత గ్రానైటుకూ దానిమీది క్వార్ట్‌జైటు రాతికీ నడుమ, మధ్యకాలపు రాళ్లు లేక కోట్ల ఏళ్ల చరిత్ర మాయమైన గీత ఒకటి కొండ కోతలో కనబడుతుంది. ఏటా మొక్కు తీర్చుకోవడానికి ఆ దారినే పోయే మా వాళ్లలో దాన్ని చూసినవారు నాకు ఒక్కరూ తగలలేదు. పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, గోవాలోని ధ్రువ పరిశోధనా కేంద్రంతో కలిసి, 2024 డిసెంబరులో హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున ఉన్న వేడినీటి బుగ్గల ఛాయాచిత్రాలు తీసింది. కాశిమేడు పిల్లలకు ఇంతకంటే గొప్ప కథ ఏముంటుంది? వలలో ఏమి పడుతుందో తెలిసినవాళ్ల ఇంటి పిల్లలు, ఆ వల అందని చోట ఏముందో వినడానికి నోరు తెరుచుకుని కూర్చున్నారు.

4. చదువు మధ్యలో తెగుతోంది. ఇది నా సొంత అనుభవం. పదకొండో తరగతిలో ఆంగ్ల మాధ్యమంలో చేరిన తొలి నాలుగు నెలలు, 'సైస్మిక్ వేవ్' అని పాఠంలో చెబుతున్నది నాకు ఎప్పుడో తెలిసిన భూకంప తరంగమేనని నేను గ్రహించలేదు. నాతోపాటు తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్లు సైన్సు వదిలి కామర్సుకు మారిపోయారు. వాళ్లు నాకంటే తెలివైనవాళ్లు.

మీలో కొందరికి ఇదంతా కొత్త కోరికగా తోచవచ్చు. నిజానికి ఈ ఊరికి ఇది చాలా పాత అలవాటు. నుంగంబాక్కంలో, నేటి వాతావరణ కేంద్రం ఆవరణలో, 1792లో కట్టిన మద్రాసు ఖగోళ వేధశాల తాలూకు రాతిస్తంభం ఒకటి ఇప్పటికీ ఉంది. దాని మీద లాటిన్‌తోపాటు తమిళంలోనూ తెలుగులోనూ అక్షరాలు చెక్కారు. ఏలినవారి గొప్ప చాటుకోవడానికే చెక్కించి ఉండవచ్చు, అయినా చదివేవాళ్లు ఎవరో వారికి తెలుసు. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులి అనే చరకాంతి తారను, అంటే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాన్ని, కనుగొన్నారు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోతున్నాడని తెలిసినప్పుడు, అది ఏమిటో జనానికి వివరిస్తూ ఆయన ఒక చిన్న పుస్తకం రాసి, ఆంగ్లంతో ఆగక ఉర్దూ, కన్నడం వంటి దేశభాషల్లోనూ తెచ్చారు. రేడియో లేని రోజులు, రైలు సైతం అన్ని ఊళ్లకూ చేరని రోజులు. ఆయనకు సాధ్యమైనది మనకు ఎందుకు సాధ్యం కాదో ఎవరైనా చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను.

చట్టం, విధానం కూడా మా కోరికకు అడ్డు రావు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించాలని 350ఎ అధికరణం చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రకటించిన శాస్త్రీయ సామాజిక బాధ్యత మార్గదర్శకాలు ఒక్కొక్క శాస్త్రజ్ఞుడు ఏడాదికి కనీసం 10 పనిదినాలు సమాజం కోసం వెచ్చించాలని కోరుతున్నాయి. చంద్రయాన్-3, ఆదిత్య-ఎల్1, నైసార్ ఇవన్నీ ప్రజల సొమ్ముతో, తెలుగు నేల మీది శ్రీహరికోట నుంచి ఎగిరినవే. అక్కడి పొగ జాడ కోసం మేడలెక్కి చూసే పిల్లలకు, చంద్రయాన్-3 కొలతల ప్రకారం చంద్రుడి దక్షిణ ప్రాంతంలో ఎండకు ఎదురుగా వాలిన చోట నేల దాదాపు 82 డిగ్రీలు కాలుతుంటే మీటరు అవతల చదునైన చోట 59 డిగ్రీలే ఉందన్న సంగతి, వాలులోని అంత చిన్న తేడా వల్లనే ఎండకు పెడగా ఉన్న కొన్ని వాలుల్లో పైపొరల కిందనే మంచు ఉండే వీలు ఉందన్న సంగతి వాళ్ల భాషలో తెలియాలా వద్దా?

అందుచేత మేము కోరుతున్నవి ఇవి.

1. భూమి, సముద్రం, అంతరిక్షం గురించి పెద్ద ఆవిష్కరణ ఏదైనా వెలువడిన 15 రోజుల్లోగా, ఏమి తెలిసింది, ఎలా తెలిసింది, ఇంకా ఏమి తెలియదు అన్న మూడు విషయాలు చెప్పే ఒక పేజీ వివరణ తెలుగులో విడుదల చేయాలి. ఉర్దూ, మలయాళం, కన్నడం చదివే పిల్లలూ ఈ నగరంలో ఉన్నారు, వారినీ వదలవద్దు. రాసే పని మాకు అప్పగించండి. తెలుగు ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు కొందరు జీతం లేకుండా చేయడానికి ముందుకు వచ్చారు. శాస్త్రం తెలిసినవారు తప్పులు దిద్ది సంతకం చేస్తే చాలు, ఆ సంతకమే మాకు కావలసింది.

2. భూకంపం, సునామీ, తోకచుక్క వంటి వాటిపై వదంతి పుట్టిన రోజే, సాయంత్రంలోగా, నాలుగు వాక్యాల ఖండన ప్రజలు మాట్లాడే భాషల్లో రావాలి. భూకంపం ఫలానా రోజు ఫలానా గంటకు వస్తుందని ముందే చెప్పగల పద్ధతి ఇంతవరకు ఎవరి దగ్గరా లేదన్న ఒక్క వాక్యాన్ని ఎప్పటికీ గోడమీద రాసి ఉంచినా తప్పులేదు.

3. ప్రతి విజ్ఞాన ప్రదర్శనశాలలో నెలకు ఒక శనివారమో ఆదివారమో అరగంట తెలుగు వ్యాఖ్యానం ఉండాలి. తేదీ కనీసం 15 రోజుల ముందు తెలియజేయాలి. రెండు రోజుల ముందు చెబితే, కూలిపనికి పోయే తల్లిదండ్రులు పిల్లలను తీసుకురాలేరు.

4. ఆ 10 పనిదినాల్లో ఒక్కటి, మీ నగరంలోనే ఉన్న చిన్న భాషా మాధ్యమాల బడులకు కేటాయించండి. తెలుగు రాని శాస్త్రవేత్త వచ్చినా ఫరవాలేదు, పక్కన నిలబడి నేను చెబుతాను. పిల్లలకు మనిషి కనబడాలి.

5. విద్యార్థి ఎవరైనా ప్రశ్న రాస్తే 30 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. "మాకు తెలియదు" అన్నదీ జవాబే.

వీటిలో ఏ ఒక్కటీ కొత్త భవనాన్నీ కొత్త పద్దునూ కోరదు. ఏది సాధ్యమో ఏది కాదో కారణంతో సహా తెలియజేస్తే, కాదన్నవాటి గురించి మళ్లీ విసిగించను. వచ్చే జూన్‌లో బడులు తెరిచే లోపల మొదటి పేజీ మా చేతికి వస్తుందని ఆశిస్తున్నాము. దేనితో మొదలుపెట్టాలి అని అడిగితే, ఆ బిందె పిల్ల ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆ పిల్ల ఇంకా జవాబు కోసం చూస్తోంది.

ఇట్లు
బి.ఎస్సీ. భౌతికశాస్త్రం మూడో సంవత్సరం విద్యార్థిని,
వ్యాసర్పాడి ఆదివారం తరగతి పిల్లల తరఫున,
పెరంబూరు, చెన్నై